ఆవిడ మానేసింది, మరి పాత్రనేం చెయ్యాలి?

"మెకానిక్ వేషం వేస్తున్నావిడ ఇంకో రెండు ఎపిసోడ్లే వస్తుందట, ఏదోటి చేసెయ్" అని నిర్మాత ఫోను. మాది అంతరిక్ష నౌక సీరియల్, ముందు తట్టింది పేలుడే. ఎవరికైనా అదే తడుతుంది. రాసి, చించేశాను.

చంపేముందు ఓ కాగితం తీసుకుని, ఆ పాత్ర కథలో చేస్తున్న పనేమిటో రాయండి. నౌకలో ఉద్యోగం కాదు, కథలో పని. మా మెకానిక్ ఇంజన్ బాగుచేస్తుంది. అది రేపు ఇంకెవరైనా చేస్తారు. కెప్టెన్ అబద్ధమాడితే మొహమ్మీదే అడిగేది మాత్రం ఆవిడొక్కతే. మనకు నిజంగా పోతున్నది అదీ.

తర్వాత దారి వెతకండి. కొత్తగా గోడ పగలగొట్టక్కర్లేదు, మీరు కట్టిన లోకంలోనే ఎక్కడో ఉంటుంది. 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్లో జాడ్జియా డాక్స్ అనే పాత్ర ఒంట్లో మరో జీవి ఉంటుందని, దానికి పాత జన్మలన్నీ గుర్తేనని మొదటినుంచీ చెబుతూ వచ్చారు. 1998లో, ఆరో సీజన్ చివర, ఆ వేషం వేసిన టెర్రీ ఫారెల్ వెళ్లిపోతుంటే జాడ్జియాను చంపేశారు. జీవి మాత్రం బతికి ఎజ్రీ అనే అమ్మాయిలోకి చేరింది. ఇప్పుడు జాడ్జియా భర్త వోర్ఫ్ ఎదుట నిలబడ్డది ఓ పరాయి పిల్ల. వాళ్ల కాపురమంతా ఆ పిల్లకు గుర్తుంది. పాపం వోర్ఫ్ ఎటు చూడాలి? నటి వెళ్లిపోతే కథకు చిల్లు పడాల్సింది పోయి, కొత్త సరుకు దొరికింది. 'బాబిలోన్ 5' అనే మరో అంతరిక్ష సీరియల్ సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ అయితే ముఖ్య పాత్రలందరికీ ఇలాంటి దొంగదారి ముందే అట్టేపెట్టుకున్నాడు.

చావే రాయాలనుకుంటే టాషా యార్‌ని చూడండి. 1988లో 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్' మొదటి సీజన్‌లో, నల్లటి తారులాంటి ప్రాణి ఆమెను ఒక్క విసురు విసిరింది, అంతే. భద్రతాధికారి ఉద్యోగమంటే అంతేగా అనొచ్చు, నేనూ అంటాను. కానీ 1990లో కాలం తారుమారైన కథలో ఆమెను మళ్లీ తెచ్చి, నీది అర్థంలేని చావని ఆమెకే తెలిసేట్టు చేసి, ఇంకో పోరుకు పంపారు. రాసినవాళ్లకే మింగుడుపడలేదన్నమాట.

బదిలీ అన్నిటికన్నా తేలిక. నటి తిరిగొచ్చే ఆశ ఉంటే అదే రాయండి. అదే 'నెక్స్ట్ జెనరేషన్'లో డాక్టర్ క్రషర్ అలాగే రెండో సీజన్‌లో వెళ్లి మూడోదానికి వచ్చేసింది.

ఒక్క జాగ్రత్త: నటి ఆఖరి రోజు సెట్లో ఉన్నప్పుడే, కథలో అవసరం లేకపోయినా, వెనక్కి తిరిగి చూసే క్లోజప్ ఒకటి, నాలుగు ముక్కలు గొంతూ రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత బతిమాలినా దొరకవు.

మా మెకానిక్‌ని చివరికి ఓ గని స్టేషన్లో దింపేశాం. అసలు పరీక్ష ఆ తర్వాతి ఎపిసోడే. కొత్త కుర్రాడు ఇంజన్ గదిలోకొచ్చాడు. పిడికి గుడ్డ చుట్టిన ఆవిడ స్పానర్ మేకుకు వేలాడుతోంది. తీశాడు, బరువు చూశాడు, మళ్లీ తగిలించేసి తన సంచిలోంచి ఇంకోటి తీసుకున్నాడు. పైన కెప్టెన్ సిబ్బందికి అలవాటుగా ఓ అబద్ధం చెప్పి, ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ నోరెత్తలేదు. ఎడిటర్ ఆ మూడు సెకన్లూ కోసెయ్యబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను.