హెచ్‌లెడ్జర్‌లో తిండి బడ్జెట్ ఎక్కువ చూపిస్తుంటే: నా అనుభవం

విశాఖలో మా ఇంటిఖర్చు హెచ్‌లెడ్జర్ (hledger) అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నాం. తిండికి నెలకు మొత్తం 12,000. అందులో చేపలకు 4,000, రైతుబజార్ కూరగాయలకు 3,000. ట్రీ రూపంలో (పద్దు కింద దాని ఉపపద్దులు కనిపించేలా) తీసిన బడ్జెట్ రిపోర్టు మాత్రం తిండి లక్ష్యం 19,000 అంది.

తల్లి పద్దుకు (ఇక్కడ తిండి) రాసిన అంకెను హెచ్‌లెడ్జర్ గరిష్ఠ పరిమితిగా చూడదు. నిల్వలు కింది నుంచి పైకి కూడినట్టే లక్ష్యాలనూ కూడుతుంది. కాబట్టి మంత్లీ పీరియాడిక్ రూల్‌లో (నెలనెలా లక్ష్యాలు చెప్పే రూల్) తల్లి పద్దుకు ఉపపద్దులవి పోగా మిగిలిన సొమ్మే రాయాలి:

    (ఖర్చు:తిండి)  5000
    (ఖర్చు:తిండి:చేపలు)  4000
    (ఖర్చు:తిండి:కూరగాయలు)  3000

ఇలా గుండ్రటి బ్రాకెట్లు పెడితే ఎదురు పద్దు అక్కర్లేదు. పేరుకూ అంకెకూ మధ్య కనీసం రెండు ఖాళీలు ఉండాలి. ఒక్కటే ఉంటే అంకెను కూడా పేరులో భాగంగా చదివేస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

టిఫిన్‌కు లక్ష్యం రాయకపోతే ఆ పద్దు విడిగా కనిపించదు, ఖర్చు మాత్రం తిండిలో కలుస్తుంది. విడిగా చూడాలంటే రిపోర్టు తీసేటప్పుడు ఎంప్టీ ఆప్షన్ (--empty) ఇవ్వండి. నెలకోసారైనా అలా చూడటం మంచిది, చిల్లర ఖర్చులు దాక్కునేది అక్కడే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. మే నెల చేపల లక్ష్యం తగ్గించాలంటే పాత రూల్ ముట్టుకోవద్దు. 2026-05-01 నుంచి 2026-06-01 వరకు ఇంకో రూల్ రాసి చేపలకు -1500 పెట్టండి. రూల్స్ ఒకదానికొకటి కూడి 2,500 అవుతుంది. ముగింపు తేదీ లెక్కలోకి రాదు, అందుకే జూన్ 1 రాయాలి.