ఓవర్‌లోడుకు జరిమానా ఎంత పడుతుంది?

లోడు ఎక్కగానే, రోడ్డెక్కకముందే కాటా వేయించి చీటీ దగ్గర పెట్టుకోండి. దానిమీది మొత్తం బరువును ఆర్‌సీలోని జీవీడబ్ల్యూతో (బండి, సరుకు కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు) పోల్చండి. ఖాళీ బండి బరువుతో కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకు 2,000. ఆర్‌సీలో 28.5 టన్నులుండి కాటాలో 32.5 వస్తే 28,000 అన్నమాట. అదనపు సరుకు దించేదాకా బండి కదలదు, దింపుడు ఖర్చూ మీదే. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: ఆపమంటే ఆపకపోయినా, కాటా వేయకముందే సరుకు దింపేసినా 40,000.

లోడు బాడీ పక్కలకో వెనక్కో పొడుచుకొస్తే బరువుతో సంబంధం లేకుండా 20,000.

పర్మిట్ లేకుంటే జరిమానాతో పోదు: సెక్షన్ 192ఏ కింద మొదటిసారే 6 నెలల దాకా జైలు, 10,000 జరిమానా. నడిపినవారే కాదు, నడపనిచ్చిన ఓనరూ ఇరుక్కుంటారు.