టామ్ అండ్ జెర్రీ వరుస ఇలా కుదిరింది

మా పాప కోసం దాచిన టామ్ అండ్ జెర్రీ ఫైళ్లన్నీ కలగాపులగంగా ఉండేవి. ముందు టైటిల్ కార్డు మీద రోమన్ అంకెల్లో ఉన్న సంవత్సరం చూశాను. కానీ ఒకే ఏడాదిలో వచ్చిన నాలుగైదింటిలో ఏది ముందో తేలలేదు. పైగా కొన్ని పాతవాటికి మళ్లీ విడుదల చేసినప్పుడు కార్డులే మార్చేశారు. చివరికి థియేటర్లో తొలిసారి విడుదలైన తేదీనే పట్టుకున్నాను. ఫైలు పేరు ముందు ఏడాది, నెల, రోజు ఈ వరుసలో రాశాను: 1940-02-10. అంతే, అన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. ఆ మొదటిదాంట్లో పిల్లి పేరు జాస్పర్! ఒళ్లంతా బొచ్చుతో అచ్చం ఇంటి పిల్లిలాగే ఉంటుంది. 1958 దాకా ఈ జంటను సృష్టించిన హానా, బార్బెరా తీసిన కార్టూన్లు 114. తర్వాత వచ్చిన దర్శకుల్లో జీన్ డైచ్‌వి 13, చక్ జోన్స్‌వి 34. జోన్స్ టామ్‌కి కనుబొమలు దట్టం, తేదీ చూడకుండానే పోల్చుకోవచ్చు. రోజుకు రెండు చొప్పున పాప ఇప్పుడు 1943కి వచ్చింది.