గనిలో పగలు, పబ్‌లో రాత్రి: ఇంగ్లండు పూర్వీకుల జాడ - 4వ పాఠం

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చాలామందిని తిప్పలు పెట్టింది. తప్పు నాదే. "కౌంటీ ఆర్కైవ్‌లో (అంటే అక్కడి జిల్లా పాత రికార్డుల ఆఫీసులో) పబ్ లైసెన్సుల రిజిస్టరు చూడండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. చూశారు, పేరు లేదు. "మా అల్లుడి ముత్తాత తాత గనిలో పనిచేస్తూనే పబ్ నడిపాడన్నది ఉత్త కోతే" అనుకుని కాగితాలు కట్టి అటక మీద పడేశారు. దింపండి.

పేరు లేకపోవడానికి కారణం 1830 నాటి బీర్‌హౌస్ చట్టం. ఊళ్లో పన్ను కట్టే గృహస్థు ఎవరైనా సరే, ఏడాదికి 2 గినీలు (అప్పటి ఇంగ్లండు డబ్బు) ఎక్సైజు వాళ్లకు కట్టి తన ఇంటి ముందుగదిలోనే బీరు అమ్ముకోవచ్చని ఆ చట్టం. విస్కీ, జిన్ మాత్రం కుదరదు. మామూలు పబ్‌కు లైసెన్సిచ్చే మేజిస్ట్రేటు గడప తొక్కే పనే లేదు. మొదటి 6 నెలల్లోనే 24 వేల మందికి పైగా ఈ లైసెన్సులు తీసుకున్నారు. మన బెల్టు షాపు లాంటిది అనుకునేరు, ఇది పక్కా చట్టబద్ధం. కానీ మీరు చూసిన రిజిస్టర్లు మేజిస్ట్రేట్లవి. అందులో ఇతను ఎందుకుంటాడు? ఎక్సైజు కాగితాలేమో చాలావరకు మిగల్లేదు.

ఇంకోసారి చెబుతున్నా, ఎందుకంటే ఏ ఏడాదికి పేరు దొరుకుతుందన్న ప్రశ్నే పదేపదే వస్తోంది. మీవాడు 1825లో పబ్ నడిపితే మేజిస్ట్రేట్ల దగ్గర రాసిచ్చిన హామీపత్రం దొరకొచ్చు. 1845లో బీర్‌హౌస్ నడిపితే దొరకదు. 1851లోనూ అంతే. 1868లోనూ అంతే. 1869లో చట్టం మారి బీర్‌హౌసులు మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికొచ్చాయి. కాబట్టి 1875లో ఉంటే రిజిస్టరులో వెతకొచ్చు. "పబ్ పేరేమిటండీ" అని అడగొద్దు. చాలా బీర్‌హౌసులకు పేరే ఉండదు. ట్రేడ్ డైరెక్టరీలో (ఊళ్లోని వ్యాపారుల పేర్లు అచ్చేసిన పుస్తకంలో) మనిషి పేరు పక్కన "బీర్ రిటైలర్" అని ఉంటుంది, అంతే.

సెన్సస్‌లో ఎలా వెతకాలో మీకు తెలిసిందే. ఒక్కటి మాత్రం మర్చిపోకండి: ఇండెక్సును నమ్మొద్దు, అసలు పేజీ బొమ్మ తెరవండి. రెండు పనులుంటే ఇండెక్సులో ఒక్కోసారి మొదటిదే ఎక్కుతుంది. మా అత్తగారి వైపు 1861 పేజీలో "కోల్ మైనర్ అండ్ బీర్ సెల్లర్" అని ఉంది. లెక్కలు కట్టిన గుమాస్తా సరిగ్గా "బీర్" మీదే అడ్డగీత కొట్టాడు. అది నాకు "బెడ్"లా కనబడి, పాపం మంచాలు అమ్ముకునేవాడు కాబోలు అని రెండేళ్లు తిరిగాను.

ఇలా రెండు పనులు చేసేవాడు గనిలో ఉండే వేళ కొట్టు చూసేది భార్యే. లైసెన్సు మాత్రం అతని పేరు మీద. గనిలో అతను పోతే తర్వాతి సెన్సస్‌లో ఆవిడ "బీర్‌హౌస్ కీపర్, విధవ" అవుతుంది. గని మాట ఇక ఎక్కడా కనబడదు. అందుకే ఆవిడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావడం నాకిష్టం. మరణ విచారణలు కూడా తరచుగా ఊరి పబ్‌లోనే జరిగేవి, పత్రికలో ఆ పబ్ ఎవరిదో రాసేవారు.

పూర్వీకులు స్టాఫర్డ్‌షైర్ కౌంటీ వాళ్లయితే ఒక మాట. సెన్సస్‌లో "బట్టీ" అనో "చార్టర్ మాస్టర్" అనో కనబడితే మన మేస్త్రీ లాంటివాడనుకోండి: గని యజమాని దగ్గర పని గుత్తకు తీసుకుని కూలీలను పెట్టుకునేవాడు. వీళ్లలో కొందరికి పబ్ ఉండేది, కూలి డబ్బులు అక్కడే పంచేవారు. వచ్చిన కూలి అక్కడే తాగించడం, అదీ కథ. 1842 గనుల చట్టం గని కూలీలకు పబ్‌లో జీతాలివ్వడాన్ని నిషేధించింది.

అభ్యాసం. మేజిస్ట్రేట్లు ఏటా లైసెన్సులిచ్చే సభలు ఆగస్టు 20కీ సెప్టెంబరు 14కీ మధ్య జరిగేవి. 1869లో బీర్‌హౌసులు తొలిసారి వాటి ముందుకొచ్చాయి. ఆ నాలుగు వారాల స్థానిక పత్రిక మొత్తం, సెర్చ్ పెట్టె వాడకుండా, కళ్లతో చదవండి. ఆదివారం చర్చి వేళలో బీరు పోశాడని పోలీసులు అభ్యంతరం చెప్పినవాళ్ల పేర్లన్నీ రాసుకోండి. మీవాడు లేకపోతే 1870 కూడా.