మదురై చిత్తిరై ఉత్సవానికి వెళ్తుంటే: కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి జాగ్రత్తలు

మన వైపు నుంచి రామేశ్వరం వెళ్ళేవాళ్ళు చాలామంది మదురైకి ఒక పూట కేటాయిస్తారు. పొద్దున దిగడం, మీనాక్షమ్మ దర్శనం, ఒక జిగర్తండా (అక్కడి చల్లటి పాల పానీయం), సాయంత్రానికి మళ్ళీ బండి. మామూలు రోజుల్లో ఈ లెక్క సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో చిత్తిరై ఉత్సవం జరిగేటప్పుడు మాత్రం సరిపోదు. ఆ రోజుల్లో ఊరికి లక్షల్లో జనం వస్తారు, వీధులకు వీధులే మూసేస్తారు. పైగా వేసవి సెలవులు కాబట్టి పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని వెళ్తాం.

ముందు ఏ రోజు ఏముంటుందో తెలియాలి. ఇది రెండు ఉత్సవాల కలయిక. ఒకటి మీనాక్షీ సుందరేశ్వరుల కల్యాణం, ఆ మర్నాడు గుడి చుట్టూ ఉన్న మాసి వీధుల్లో రథోత్సవం. రెండోది చిత్రా పౌర్ణమి నాడు అళగర్ స్వామి, అంటే మీనాక్షికి అన్నగారైన విష్ణుమూర్తి, బంగారు గుర్రం మీద వైగై నదిలో దిగడం. చెల్లెలి పెళ్ళికని కొండ మీంచి బయల్దేరిన అన్నగారు, పెళ్ళి అయిపోయిందని తెలిసి ఏటి దగ్గరే ఆగిపోయాడని జనం చెప్పుకునే కథ. విడివిడిగా జరిగే ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది 1623 నుంచి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుడంటారు. ఆ నాయక రాజులు మన తెలుగువాళ్ళే. పౌర్ణమి ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏడాది దేవస్థానం ప్రకటించిన తేదీలు చూశాకే టికెట్లు తీసుకోండి. కల్యాణానికీ ఏటి ఉత్సవానికీ మధ్య ఒక్కో ఏడాది రెండు రోజులు, ఒక్కో ఏడాది మూడు నాలుగు రోజులు తేడా వస్తుంది.

నా మట్టుకు నేను చెప్పేది ఒకటే: చంటిపిల్లలు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు, గర్భిణులు మీతో ఉంటే స్వామి ఏట్లో దిగే ఘడియకి అక్కడ ఉండాలని పట్టు పట్టకండి. 2022 ఏప్రిల్ 16 తెల్లవారుజామున అదే చోట తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు. కరోనా వల్ల రెండేళ్ళు జనాన్ని రానివ్వలేదు కాబట్టి ఆ ఏడు మరీ విరగబడి వచ్చారు. అయితే ఏ ఏడాదైనా ఆ గంటలో అక్కడి పరిస్థితి పెద్ద తేడాగా ఉండదు. అందరికీ కావలసింది ఒకే చోటు, ఒకే నిమిషం.

ఆ నిమిషం తప్పిపోతే దర్శనం పోయినట్టేమీ కాదు. స్వామి గుడి ఉన్న అళగర్ కోయిల్ మదురైకి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. అక్కణ్ణించి బయల్దేరిన స్వామి దారి పొడుగునా వందల మండపాల దగ్గర ఆగుతూ వస్తాడు. ఏట్లో దిగే ముందు రోజు మూండ్రుమావడి దగ్గర ఎదురుసేవ, అంటే జనం ఎదురెళ్ళి స్వామికి స్వాగతం చెప్పడం జరుగుతుంది. ఏట్లో దిగిన తర్వాత వండియూరు, ఆ మర్నాడు తేనూరు మండపం, రాత్రి రామరాయర్ మండపంలో దశావతార అలంకారాలు, చివర్న పూలపల్లకి, ఆ తర్వాత కొండకి తిరుగు ప్రయాణం. తిరుగు ప్రయాణంలో దారిలోని మండపాల దగ్గర పిల్లల్ని ఎత్తుకుని నింపాదిగా చూడొచ్చు. స్థానికుల్లో తెలివైనవాళ్ళు చేసేది అదే.

లేదు, ఏటి దగ్గరికే వెళ్తామంటారా? గట్టి ఒంటివాళ్ళు మాత్రమే వెళ్ళండి. అక్కడ ప్రత్యేకంగా చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది నిప్పు. చెంబు నిండా పంచదార పోసి, పైన కర్పూరం వెలిగించి, రెండు చేతులతో పైకెత్తి స్వామికి చూపిస్తారు. మీ చుట్టూ అలాంటివి వందల్లో వెలుగుతుంటాయి, సరిగ్గా మీ తల ఎత్తులో. వెనకనుంచి ఒక్క తోపు వచ్చినా వెలుగుతున్న కర్పూరం ముందున్నవాళ్ళ భుజం మీద పడుతుంది. పాలియెస్టర్, జార్జెట్ చీరలు, జారే చున్నీలు వద్దు. నూలు బట్టలు వేసుకుని, జడ ముడి వేసుకుని, పైట దోపుకుని వెళ్ళండి. రెండోది నీళ్ళు. మొక్కున్నవాళ్ళు తోలు తిత్తుల్లో నీళ్ళు నింపి చిమ్ముతారు. హైప్రెషర్ పంపులు వాడొద్దని, నీళ్ళలో ఏమీ కలపొద్దని అధికారులు చెబుతూనే ఉంటారు, అయినా వాడేవాళ్ళు వాడతారు. ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, కళ్ళజోడుకి తాడు కట్టుకోండి. ఇక ఏటి నీళ్ళంటారా, ఉత్సవం కోసం డ్యామ్ నుంచి వదిలినవే అయినా ఊరి మురుగు కలవకుండా ఉండదు. అడుగున రాళ్ళు, గాజు పెంకులు ఉంటాయి. స్నానం సంకల్పం పెట్టుకోవద్దు.

జనం ఒత్తిడి పెరుగుతోందని ఎలా తెలుస్తుందంటే, మీ అడుగు మీ ఇష్టప్రకారం పడకపోతే పెరిగినట్టే. అప్పుడే బయటపడాలి, ఇంకాసేపు చూద్దామని ఆగకూడదు. ఎదురు తోయొద్దు, జనం కదిలే వైపే కదులుతూ ఏటవాలుగా పక్కకి జరగండి. చేతులు రెండూ ఛాతీ ముందు మడిచి పెట్టుకుంటే ఊపిరి తీసుకునేందుకు చోటు మిగులుతుంది. చెప్పు జారినా, ఫోన్ పడినా వంగకండి. మెట్ల మీద, బారికేడ్‌కి ఆనుకుని, గోడ మూలన నిలబడొద్దు.

రథోత్సవం రోజు ప్రమాదం వేరే రకం. మాసి వీధుల మలుపుల్లో తేరు తిప్పేటప్పుడు చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి దారి మళ్ళిస్తారు. ఆ దిమ్మలు వేసేవాళ్ళకి అదే పని, వాళ్ళ దగ్గరగా వెళ్ళి వీడియో తీయడం మన పని కాదు. తాడు పట్టుకోవాలనుంటే తిన్నగా ఉన్న వీధిలో కాసేపు పట్టుకుని పక్కకి వచ్చేయండి. తాడుకి, ఇళ్ళ అరుగులకి మధ్య ఇరుక్కునే చోట ఉండొద్దు.

కల్యాణం గుడి లోపల, వడక్కాడి (ఉత్తర), మేలాడి (పడమటి) వీధులు కలిసే చోట ఉదయం పూట జరుగుతుంది. ముందే టికెట్ తీసుకున్నవాళ్ళకి ఒక దారి, ఉచితంగా వచ్చేవాళ్ళకి ఇంకో దారి. మీ గోపురం ఏదో ముందు రోజే నడిచి చూసుకోండి. అన్నట్టు ఆ ముహూర్తానికి ముత్తయిదువలు మంగళసూత్రం తాడు మార్చుకునే ఆచారం ఉంది. జనంలో నిలబడి మెడలోది తీసి కొత్త పసుపు తాడుకి గుచ్చుకుంటారు, కళ్ళు మండపం వైపు ఉంటాయి. దొంగలకి అంతకన్నా ఏం కావాలి? మీరూ మార్చుకోవాలనుకుంటే సూత్రాలు రాత్రే కొత్త తాడుకి గుచ్చుకుని, అక్కడ ముడి మాత్రం వేసుకోండి. మిగతా గొలుసులు లాడ్జిలో కూడా కాదు, ఇంట్లోనే వదిలి రండి.

గుడిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. 2018 ఫిబ్రవరిలో తూర్పు గోపురం దగ్గర వీరవసంతరాయ మండపంలో అగ్నిప్రమాదం జరిగిన తర్వాత వచ్చిన కట్టడి ఇది. కాబట్టి లోపల విడిపోతే ఫోన్ చేసి ‘ఎక్కడున్నావ్’ అని అడిగే వీలుండదు. నాలుగు దిక్కుల గోపురాలూ కొత్తవాళ్ళకి ఒకేలా కనిపిస్తాయి. తూర్పున చెప్పులు వదిలి పడమట తేలి, మండుటెండలో వట్టి కాళ్ళతో గుడి చుట్టూ తిరిగేవాళ్ళని ఎప్పుడు వెళ్ళినా చూడొచ్చు. లోపలికి వెళ్ళేముందే గుడిలోని పొట్రామరై కొలను మెట్లనో, మీరు లోపలికి వెళ్ళిన గోపురాన్నో కలుసుకునే చోటుగా అనుకోండి. పిల్లల జేబులో మీ నంబరు, లాడ్జి పేరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే అక్కడే నిలబడి పోలీసు డ్రెస్సు వాళ్ళకి ఆ చీటీ చూపించాలని నేర్పండి. ఫోన్ లేకపోతే యూపీఐ కూడా లేనట్టే, చిల్లర నోట్లు ఉంచుకోండి. స్పెషల్ దర్శనం చేయిస్తామని వెంటపడేవాళ్ళకి డబ్బివ్వొద్దు, టికెట్ దేవస్థానం కౌంటర్లోనే తీసుకోవాలి.

ఎండ సంగతి మనకి కొత్తేమీ కాదు, నెల్లూరు, బెజవాడ ఎండలు చూసినవాళ్ళమే. అయినా గుడి రాళ్ళు వేరు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా గుడి మూసేస్తారు, పదకొండున్నరకి హడావుడిగా వెళ్ళేవాళ్ళకి అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకి స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి కాలిందని రాత్రికి గానీ తెలియదు. వాళ్ళని తెల్లవారుజామునే తీసుకెళ్ళండి, తిరిగొచ్చాక అరికాళ్ళు చూడండి. ఆడవాళ్ళు బాత్రూమ్ దొరకదని నీళ్ళు తాగడం మానేసి కళ్ళు తిరిగి పడిపోతుంటారు. లాడ్జి నడిచి వెళ్ళేంత దగ్గర్లో తీసుకుంటే ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది. చలివేంద్రాల్లో మజ్జిగ, పానకం ధారాళంగా పోస్తారు, పెద్దవాళ్ళు తాగొచ్చు. చంటిపిల్లలకి సీసా నీళ్ళు, ఓఆర్‌ఎస్ మీరే పట్టుకెళ్ళండి. జిగర్తండా పేరున్న కొట్లో తాగండి, ఆ రోజుల్లో రోడ్డు మీద పుట్టుకొచ్చే బండ్ల ఐసు ఏ నీళ్ళదో మనకి తెలియదు. అత్యవసరమైతే అంబులెన్సుకి 108, పోలీసుకి 112.

చివరగా రవాణా. రైల్వే స్టేషన్, గుడి, పెరియార్ బస్టాండు వైగైకి దక్షిణాన ఉన్నాయి. మాట్టుతావణి బస్టాండు, తల్లాకుళం, గోరిపాళయం ఉత్తరాన. పౌర్ణమి ముందు రాత్రి నుంచి వంతెనల మీద వాహనాలు ఆపేస్తారు, నడిచే దారులు కూడా మళ్ళిస్తారు. స్వామి ఉత్తరం నుంచి వస్తాడు కదా అని అటు వెళ్ళి నిలబడితే, మీరు స్టేషన్‌కి రెండు కిలోమీటర్ల దూరంలో ఉండగానే పొద్దున పదింటి రైలు వెళ్ళిపోవచ్చు. మీ తిరుగు ప్రయాణం రైలైతే దక్షిణపు ఒడ్డునే ఉండండి, బస్సైతే ఉత్తరాన గది తీసుకోండి. టికెట్ మాత్రం ఆ సాయంత్రానికి ముందు వద్దు. సొంత కారులో వచ్చేవాళ్ళు రథోత్సవానికి ముందు రోజు మధ్యాహ్నంలోపే చేరుకోవాలి, ఆ తర్వాత మాసి వీధుల లోపల ఉన్న లాడ్జికి సామాను మోసుకుంటూ నడిచి వెళ్ళాల్సిందే.