ఫుట్‌బాల్ ఫ్యామిలీ ట్రీ గీయాలంటే ఇంటిపేరుని నమ్మకండి

మ్యాచ్ మధ్యలో కామెంటేటర్ "ఇతని అంకుల్ కూడా ప్రొఫెషనల్ ప్లేయరే" అనేసి ఊరుకుంటాడు. ఏ అంకుల్ బాబూ, బాబాయా, మేనమామా, పిన్ని మొగుడా? ఈ చిరాకుతోనే నేను చార్టులు గీయడం మొదలుపెట్టా, మొదట్లో బోలెడు తప్పులు చేశా కూడా, మీరు అవి చేయకుండా ఉండటానికే ఇదంతా.

మొట్టమొదట జెర్సీ మీద పేరు వదిలేసి పూర్తి పేరు రాసుకోండి. డేవిడ్ సిల్వా, థియాగో సిల్వా, బెర్నార్డో సిల్వా ముగ్గురూ ఏదో ఒక చుట్టరికం అనుకున్నా నేను, ఒకరు స్పెయిన్, ఒకరు బ్రెజిల్, ఇంకొకరు పోర్చుగల్, ఎవరికి ఎవరూ ఏమీ కారు! పైగా డేవిడ్‌ది తల్లి ఇంటిపేరు. స్పెయిన్, మెక్సికో వాళ్ళకి మామూలుగా రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ముందు నాన్నది, చివర అమ్మది. బ్రెజిల్, పోర్చుగల్‌లో ఎక్కువగా దీనికి రివర్స్. ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మెక్సికో ఆటగాడు చిచారిటో పూర్తి పేరు హవియర్ హెర్నాండెజ్ బల్కాజర్, ఆ చివరి బల్కాజర్ పట్టుకుంటే అమ్మ వాళ్ళ నాన్న తోమాస్ బల్కాజర్ దొరుకుతాడు. ఆ తాత 1954 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ మీద గోల్ కొట్టాడు, మనవడు 2010లో మళ్ళీ ఫ్రాన్స్ మీదే కొట్టాడు, మధ్యలో నాన్న 1986 మెక్సికో స్క్వాడ్‌లో ఉన్నాడు. అలాగే థియాగో అల్కాంతారాలో అల్కాంతారా కూడా అమ్మ పేరే, అందుకే 1994 వరల్డ్ కప్ గెలిచిన మజీన్యోనే అతని నాన్న అని పేరు చూసి ఎవరూ కనిపెట్టలేరు. బ్రెజిల్ ఆటగాళ్ళు సోక్రటీస్, రాయి సొంత అన్నదమ్ములంటే కూడా చాలామంది నమ్మరు.

తర్వాత వరస. ఇక్కడ మాత్రం ఇంగ్లీష్ మాటలు కాపీ కొట్టకండి, తెలుగులోకి మార్చి రాయండి, మార్చలేకపోతే ఆ చుట్టరికం మీకింకా సరిగ్గా తెలియలేదని అర్థం. ఇంగ్లండ్ ఆటగాళ్ళు ఫ్రాంక్ లాంపార్డ్, జేమీ రెడ్‌నాప్ కజిన్స్ అంటారు కదా, అసలు సంగతేంటంటే వాళ్ళ అమ్మలిద్దరూ అక్కచెల్లెళ్ళు, అంటే వాళ్ళ నాన్నలు సీనియర్ లాంపార్డ్, హ్యారీ రెడ్‌నాప్ తోడల్లుళ్ళు, పిల్లలు మన లెక్కలో అన్నదమ్ములే. ఆ తోడల్లుళ్ళిద్దరూ లండన్ క్లబ్ వెస్ట్ హామ్‌కి ఆడారు, తర్వాత అక్కడే హ్యారీ మేనేజర్, సీనియర్ లాంపార్డ్ అసిస్టెంట్, టీమ్‌లో కుర్ర లాంపార్డ్. చార్టులో ఆడవాళ్ళని వదిలేస్తే ఈ కథ మొత్తం పోతుంది. 1966 వరల్డ్ కప్ గెలిచిన బాబీ, జాక్ చార్ల్‌టన్‌లదీ అంతే, వాళ్ళ అమ్మ సిస్సీ పుట్టింటి పేరు మిల్‌బర్న్, ఆవిడ అన్నదమ్ములు నలుగురూ ప్రొఫెషనల్సే! ఘనా అన్నదమ్ములు ఆండ్రే, జోర్డాన్ ఆయూలకి మాత్రం తండ్రి వైపు చూడాలి, నాన్న అబేదీ పెలే, బాబాయ్ క్వామే.

దేశం వేరే కాలమ్‌లో వేసుకోండి, క్లబ్‌తో కలపొద్దు. మజీన్యో కొడుకుల్లో థియాగో స్పెయిన్‌కి, రఫీన్యా బ్రెజిల్‌కి ఆడారు. యూరో 2016లో గ్రానిట్ జాకా స్విట్జర్లాండ్, అన్న తౌలాంట్ అల్బేనియా, ఎదురెదురుగా ఆడారు, తల్లి రెండు జెండాలు కలిపి కుట్టిన టీషర్ట్ వేసుకుని కూర్చుంది. అన్నదమ్ములు జెరోమ్, కెవిన్-ప్రిన్స్ బోటెంగ్‌లు 2010లో, 2014లో రెండుసార్లూ జర్మనీ, ఘనా తరఫున తలపడ్డారు, వాళ్ళకి నాన్న ఒకడే, తల్లులు వేరు, కాబట్టి అక్కడ గీత చుక్కలతో గీయండి.

గీసేటప్పుడు ఒక్కో తరానికి ఒక్కో వరుస, పేరు కింద పుట్టిన సంవత్సరం. పెళ్ళి సంబంధానికి రెండు గీతలు. అంతే, దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఇక చెకింగ్. "తండ్రీకొడుకులు కలిసి ఆడారు" లాంటివి కనిపిస్తే మ్యాచ్ తేదీ తీయండి. 1996 ఏప్రిల్ 24న టాలిన్‌లో ఎస్టోనియా మీద ఐస్‌లాండ్‌కి ఆర్నోర్ గుడ్‌యాన్సెన్, 17 ఏళ్ళ కొడుకు ఐదుర్ ఇద్దరూ ఆడిన మాట నిజమే, కానీ నాన్న బయటికొచ్చాకే కొడుకు ఆయన ప్లేస్‌లో దిగాడు, ఇద్దరూ ఒకేసారి గ్రౌండ్‌లో లేరు. ఐదుర్‌కి ఇప్పుడు ముగ్గురు ఫుట్‌బాలర్ కొడుకులు.

కింద వరుసలో ఖాళీ వదలండి, పెన్నుతో కాకుండా పెన్సిల్‌తో రాయండి. చెజారే మాల్దీనీ 1963లో, కొడుకు పావోలో 2003లో ఇటలీ క్లబ్ మిలాన్ కెప్టెన్‌గా యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఎత్తారు, అక్కడితో అయిపోయిందనుకుంటే మనవడు డేనియల్ 2024లో ఇటలీ టీమ్‌లోకి వచ్చాడు. ఇన్యాకీ విలియమ్స్ అయితే 2016లో స్పెయిన్‌కి ఒక ఫ్రెండ్లీ ఆడి 2022లో ఘనాకి మారాడు, తమ్ముడు నీకో స్పెయిన్ టీమ్‌లోనే ఉన్నాడు, నేను పెన్నుతో రాసి ఆ పేజీ మొత్తం మళ్ళీ గీశా.