సమాధుల తోటను చదవడం – 3వ పాఠం: ఇనుప సిలువ మీది తేదీలు

గత పాఠంలో సమాధుల మీది పాత జర్మన్ గోతిక్ అక్షరాలతో కుస్తీ పట్టాం. ‘ఎస్’ని ‘ఎఫ్’ అనుకోకుండా చదవడం వచ్చేసిందనుకుంటే, ఇక అంకెల దగ్గరికి వద్దాం. అంకెలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పేరు తప్పు చదివితే ఎవరో ఒకరు సరిదిద్దుతారు. తేదీ తప్పు చదివితే అది వంశవృక్షంలో చేరి అలాగే ఉండిపోతుంది.

ఈ పాఠానికి అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రానికి వెళ్దాం. అక్కడి ఎమ్మన్స్ కౌంటీలో స్ట్రాస్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. ఆ చుట్టుపక్కల కథోలిక సమాధుల తోటలను మొదలుపెట్టింది జర్మన్లే, కానీ వాళ్లు జర్మనీ నుంచి నేరుగా వచ్చినవాళ్లు కారు. రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ 1804లో భూమి ఇస్తాను, మీ మతం మీది, సైన్యంలో చేరక్కర్లేదు అని పిలిస్తే, వీళ్ల పూర్వీకులు రైన్ నదికి చెరోవైపున్న అల్సాస్, బాడెన్ నుంచి బయల్దేరి నేటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సా దగ్గర కుచుర్గాన్ లోయలో ఊళ్లు కట్టుకున్నారు. అందులో ఒక ఊరు స్ట్రాస్‌బర్గ్. అల్సాస్‌లోని నగరం పేరు నల్ల సముద్రం దాకా వచ్చి, అక్కడి నుంచి డకోటా చేరిందన్నమాట. 1871లో రష్యా ఆ హక్కులు తీసేసింది, 1874లో నిర్బంధ సైనిక సేవ తెచ్చింది. అమెరికాలో చూస్తే 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఐదేళ్లు ఉండి సాగు చేసుకుంటే 160 ఎకరాలు సొంతం. మళ్లీ మూటాముల్లె సర్దుకున్నారు.

(నల్ల సముద్రపు జర్మన్లు మనకు మరీ పరాయివాళ్లేం కాదు. వాళ్లలో మెనొనైట్ అనే ప్రొటెస్టంట్ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో నల్గొండకు మిషనరీగా వచ్చారు. ఆయన కథోలికుడు కాడు కాబట్టి ఇక్కడ ఆగుదాం.)

డకోటా మైదానంలో చెట్లు తక్కువ, చెక్కిన రాయి ఖరీదు. కొయ్య సిలువ పాతితే గడ్డికి నిప్పంటుకున్నప్పుడు కాలిపోయేది. ఊరి కమ్మరికి మాత్రం పాత ఇనుము దొరికేది, బండి చక్రాల పట్టాల దగ్గర్నుంచి విరిగిన సేద్యం పనిముట్ల దాకా. ఆ పట్టీలను కాల్చి, కొసలు చుట్టతిప్పి, నాలుగు చేతులు కలిసే చోట సూర్యకిరణాల్లా సన్నటి కడ్డీలు అమర్చేవాడు. కొన్నిటికి రేకుతో కత్తిరించిన గులాబీలూ నక్షత్రాలూ ఉంటాయి. మధ్యలో చిన్న రేకు పలక, దాని మీద పెయింటుతో రాసిన పేరు. ఇనుము నిలిచింది, పెయింటు పోయింది. అందుకే నిండుగా పూలున్న సిలువ కింద ఎవరున్నారో తెలియని సమాధులు అక్కడ చాలా కనిపిస్తాయి. ఇలాంటి తోటలు కొన్నిటిని 1989లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.

పలక మసకగా ఉంటే గీకొద్దు, తీగ బ్రష్ అసలు వద్దు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి, లేదా టార్చిలైటు పక్క నుంచి ఏటవాలుగా వేయండి. ఎదురుగా చూస్తే కనపడని గీత ఏటవాలు వెలుతురులో తేలుతుంది.

చదవాల్సిన జర్మన్ ముక్కలు కొన్నే. ‘హీర్ రూట్’ అంటే ఇక్కడ విశ్రమిస్తున్నారు. ‘గెస్ట్.’ అంటే మరణించిన తేదీ. ‘గెబ్.’ దగ్గర మాత్రం జాగ్రత్త: దాని తర్వాత అంకె ఉంటే పుట్టిన తేదీ, పేరు ఉంటే ఆ స్త్రీ పుట్టింటి ఇంటిపేరు. జర్మన్ పద్ధతిలో రోజు ముందు, నెల తర్వాత. మనకిది అలవాటే, తికమకంతా అమెరికన్లకే. కొన్ని పలకల మీద పుట్టిన తేదీ ఉండదు, వయసు ఉంటుంది: ‘యార్’ సంవత్సరాలు, ‘మోనాట్’ నెలలు, ‘టాగ్’ రోజులు. చాలాసార్లు వీటి మొదటి అక్షరాలే రాస్తారు.

ఇప్పుడు లెక్క. అభ్యాసం కోసం నేను కల్పించిన పలక ఇది: మరణం 4 మార్చి 1898, వయసు 61 ఏళ్లు, 3 నెలలు, 10 రోజులు. ముందు ఏళ్లు తీసేయండి: 4 మార్చి 1837. తర్వాత నెలలు: 4 డిసెంబర్ 1836. చివరగా రోజులు: 24 నవంబర్ 1836. ఈ వరస మార్చొద్దు. రోజులు ముందు తీసేస్తే, నెలల నిడివి ఒకేలా ఉండదు కాబట్టి ఒక్కోసారి జవాబు మారిపోతుంది.

జవాబు వచ్చింది గానీ పని కాలేదు. ఈ మనిషి పుట్టింది రష్యాలో, అక్కడ పాత జూలియన్ క్యాలెండర్. చనిపోయింది అమెరికాలో, ఇక్కడ మనం ఇప్పుడు వాడే గ్రెగోరియన్. 19వ శతాబ్దంలో జూలియన్ 12 రోజులు వెనక, 1900 మార్చి నుంచి 13. కుచుర్గాన్ విచారణ (అంటే చర్చి పరిధి) జ్ఞానస్నాన పుస్తకంలో పుట్టిన తేదీ 12 నవంబర్ 1836 అని దొరికితే సంతోషించండి: ఇంట్లో ఎవరో 12 రోజులు కలిపి కొత్త లెక్కలోకి మార్చుకున్నారు. పుస్తకంలోనూ 24 నవంబరే ఉంటే, పాత పుట్టినరోజును అలాగే ఉంచి కొత్త క్యాలెండర్ మరణ తేదీలోంచి తీసేశారు. అప్పుడు పలక మీది వయసు 12 రోజులు ఎక్కువ చూపిస్తున్నట్టు. ఏది జరిగిందో పలక ఒక్కటే చెప్పలేదు. అందుకే మీ నోట్సులో ఎప్పుడూ రెండు వరుసలు రాయండి: పలక మీద ఉన్నది ఉన్నట్టుగా ఒకటి, మీరు లెక్కగట్టింది ఒకటి. రెంటినీ కలిపి ‘సరిచేసిన తేదీ’ అని ఒక్కటే రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఇంటిపని: మరణం 2 జనవరి 1905, వయసు 40 ఏళ్లు, 1 నెల, 5 రోజులు. మనిషి పుట్టింది కుచుర్గాన్‌లో. జ్ఞానస్నాన పుస్తకంలో ఏ రెండు తేదీల కోసం వెతుకుతారు? 12 కలపాలా, 13 కలపాలా, తీసేయాలా, ఎందుకో కూడా రాయండి. వచ్చే పాఠంలో ఇంగ్లీషు, జర్మన్ కలగలిసిన పలకలు, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ భాష మీద వచ్చిన వ్యతిరేకత.